పెదనాన్న హార్మోనియం బాగుచేత: కొలతలు, ఖర్చులు, పనిచేయని పద్ధతులు

పాత చేతి హార్మోనియం అటక మీద పడి ఉన్నవాళ్ల కోసం ఈ డైరీ రాస్తున్నాను. ముఖ్యంగా ఆ పెట్టె ఇంకొకరు ప్రాణంగా చూసుకున్నదైతే ఇది పనికొస్తుంది. హార్మోనియంలు బాగుచేసే దుకాణాలు విజయవాడలో ఇప్పటికీ ఉన్నాయి. పని తొందరగా కావాలంటే అక్కడికే తీసుకెళ్లడం మంచిది. దుకాణంలో ఇస్తే తిత్తి మొత్తం మార్చి, పాలిష్ కొట్టి, కొత్తదానిలా చేతికిస్తారు. పెదనాన్న వాయించిన పెట్టె ఆయన వాయించినట్టుగానే ఆయన చేతికి చేరాలని నా పట్టుదల. అందుకే ఇంట్లో చేశాను.

పెట్టె వివరాలు: 42 మెట్లు, అంటే మూడున్నర స్థాయిలు. రీడ్లు (గాలికి మోగే ఇత్తడి నాలుకలు) రెండు వరసలు, కింది గొంతు బాస్ ఒకటి, పై గొంతు మేల్ ఒకటి, మొత్తం 84. కప్లర్ (ఒక మెట్టు నొక్కితే వేరే స్థాయిలోని అదే మెట్టునూ దించే ఏర్పాటు) లేదు. టేకు చెక్క. వెనక తిత్తికి 7 మడతలు.

పెదనాన్న తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాలకు హార్మోనిస్టు. శ్రీరామనవమి పందిళ్లు, తిరునాళ్లు, పరిషత్తు పోటీలు, అన్నిటికీ ఈ పెట్టే. 2009లో ఇంటి పంపకాలు జరిగినప్పుడు నడిమి గోడ లేచింది. పెట్టె మా వాటా అటక మీద ఉండిపోయింది. "నాది నాకు పంపాలని వాడికి తెలీదా" అని ఆయన, "వచ్చి తీసుకెళ్తే నేను కాదంటానా" అని నాన్న. తర్వాత పెదనాన్న వాళ్లు తమ వాటా అమ్మేసి ఊరి అవతలి పక్కకు మారారు. పెళ్లిళ్లలో ఎదురుపడినా ఇద్దరూ పలకరించుకోరు.

దశ 1: అడగడం, విప్పడం

ముందు పెద్దమ్మకు ఫోన్ చేశాను. "పెద్దమ్మా, హార్మోనియం బాగుచేసి తెచ్చిద్దామనుకుంటున్నా. పెదనాన్నని ఒకమాట అడుగు. వద్దంటే ఉన్నది ఉన్నట్టు తెచ్చి ఇచ్చేస్తా" అన్నాను. హార్మోనిస్టు పెట్టెను అడక్కుండా విప్పితే పాత గొడవకు కొత్త గొడవ తోడవుతుంది. ఎవరికైనా కానుకగా ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లు ఈ మెట్టు దాటేయకండి. ఆశ్చర్యపరుద్దామనుకుని దాచి చేసే పని కాదిది.

కొన్నాళ్లకు పెద్దమ్మ చేసింది. "రీడ్లకు గరుకు కాగితం తగలనివ్వొద్దన్నారు. ఇంకేం అన్లేదు" అంది. సరేనన్నట్టే తీసుకున్నాను.

విప్పిన క్రమం:

1. పై మూత, మెట్ల మీది అడ్డపట్టీ తీసి, నాలుగు వైపుల నుంచీ ఫోటోలు.
2. స్క్రూలన్నీ ఇడ్లీ రేకు గుంటల్లో. ఒక్కో గుంటకు ఒక్కో చోటు, పక్కనే కాగితం ముక్క మీద పేరు. పాత పెట్టెల్లో స్క్రూలు ఒకే పొడవు ఉండవు. పొడవు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే రీడ్ బోర్డు పగులుతుంది.
3. మెట్లు తీసే ముందే ప్రతి మెట్టు కింద పెన్సిల్‌తో 1 నుంచి 42 వరకు అంకెలు. మెట్లన్నీ ఒకేలా కనిపించినా, దేని అరుగుదల దానిది. మారిస్తే సరిగ్గా కూర్చోవు.
4. స్ప్రింగులు తీగకు గుచ్చి అదే వరసలో.
5. రీడ్ బోర్డు తిరగేసి, మెత్తటి పెయింట్ బ్రష్‌తో దుమ్ము దులపడం. మాస్క్ పెట్టుకోండి. లోపల పాతికేళ్ల ధూళి ఉంటుంది, ఎలుక పెంట ఉంటుంది.

విప్పకముందే తీసిన కొలతలు:

తిత్తి నిండా గాలి నింపి, మధ్య స్థాయి 5 శ్రుతి మెట్టు (స్థాయిలో తెల్ల మెట్లను 1 నుంచి 7 శ్రుతులుగా లెక్కపెడతారు) నొక్కి పట్టుకుంటే శబ్దం నిలిచింది 4 సెకన్లు.
తిత్తి మూసినప్పుడు మడతల మందం 31 మిల్లీమీటర్లు.
పలకని రీడ్లు 19. పలికినా బొంగురు పోతున్నవి 8.

ఈ "నిలిచే సమయం" కొలత మొదటి నుంచి చివరి దాకా ఒకే మెట్టు మీద తీసుకున్నాను. ఏ మార్పు లాభించిందో ఏది లాభించలేదో తేల్చింది ఈ ఒక్క అంకే.

ఖర్చు: సన్న స్క్రూడ్రైవర్ల సెట్ 260, ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పల్చటి ఉక్కు ఆకుల కట్ట) 180, బ్రష్‌లు, మాస్క్‌లు 110. ఇప్పటివరకు మొత్తం 550 రూపాయలు.

దశ 2: తిత్తి

ఎక్కువ కాలం పట్టింది దీనికే. మళ్లీ మళ్లీ చేయాల్సి వచ్చిందీ దీన్నే.

గాలి ఎక్కడ పోతోందో కనుక్కోవడానికి రెండు పరీక్షలు చేశాను. మొదటిది అగరుబత్తి. తిత్తి మెల్లగా నొక్కుతూ అంచుల వెంట అగరుబత్తి నడిపిస్తే, కారుతున్న చోట పొగ పక్కకు కొట్టుకుపోతుంది. ఫ్యాన్ ఆపి, తలుపులు మూసి చేయాలి. రెండోది దీపం. రాత్రి లైట్లన్నీ ఆపి, చిన్న ఎల్ఈడీ బల్బు తిత్తి లోపల పెట్టి చూస్తే చిల్లులన్నీ చుక్కలుగా వెలుగుతాయి. సూది మొన అంత చిల్లు కూడా దొరుకుతుంది. అగరుబత్తి పెద్ద కారుడుకు, దీపం చిన్నవాటికి.

దొరికినవి: మడతల మూలల్లో తోలు ఎండి అప్పడంలా విరిగింది. మడతల అంచున గుడ్డను చెదపురుగు కాదు, వెండిరంగు పుస్తకాల పురుగు తినేసింది. అది జిగురు కోసం వస్తుంది, గుడ్డ దాంతో పాటు పోతుంది. కింది మూలలో ఎలుక కొరికిన రంధ్రం. అట్టలు మాత్రం రెండు తప్ప అన్నీ గట్టిగానే ఉన్నాయి.

మొదట రెక్సిన్ వేశాను. దొరకడం తేలిక, గాలి అస్సలు పోదు, పుస్తకాల పురుగు తినదు. అతికించి ఆరనిచ్చాక తిత్తి మూస్తే మడతల మందం 31 నుంచి 44 మిల్లీమీటర్లకు పెరిగింది. పక్కల కొక్కేలు అందలేదు. లెక్క చూస్తే కారణం తెలుస్తుంది. రెక్సిన్ మందం 0.9 మిల్లీమీటరు. 7 మడతలకు రెండేసి ముఖాలు, అంటే 14 పొరలు. 14 ను 0.9 తో గుణిస్తే 12.6. ఆ పెరిగినదంతా రెక్సినే. పైగా రెక్సిన్ వెనక్కి తన్నుతుంది, తిత్తి మూస్తే తనంతట తానే తెరుచుకుంటుంది. ఎడం చెయ్యి గంటల తరబడి దాన్ని నొక్కాలి. డెబ్భై దాటిన మనిషి చేతికి అది భారం. పీకేశాను.

తర్వాత వేసింది సన్న పాప్లిన్ గుడ్డ, మందం 0.25. మూలలకు మాత్రం అర మిల్లీమీటరు మేక తోలు. మూసినప్పటి మందం 32కు వచ్చింది. కొక్కేలు పడ్డాయి.

జిగురు విషయం కాస్త వివరంగా రాయాలి. మొదట మూలల తోలుకు తెల్ల సింథటిక్ జిగురు వాడాను. అది తోలులోకి ఇంకి, ఆరాక ఆ భాగాన్ని గట్టి బద్దలా చేసింది. మడత పడేచోట తోలు వంగాలి, ఇది వంగలేదు. తిత్తి నాలుగుసార్లు ఆడించేసరికి అంచు లేచిపోయింది. పట్టు ఉన్నచోటేమో ఊడబెరికితే అట్ట పొర కూడా ఊడి వచ్చింది. అందుకే పాతకాలం వడ్రంగులు వాడే సరేసుకు మారాను. పశువుల తోలు, ఎముకల నుంచి తీసే జిగురు ఇది. గింజలుగా దొరుకుతుంది.

1. గింజలు మునిగేలా చల్లటి నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టాలి. పొద్దుటికి ఉబ్బి మెత్తబడతాయి.
2. గిన్నెను వేడి నీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాలి. నేరుగా మంట మీద పెట్టకూడదు. వేడి 60 డిగ్రీలు చాలు. మరిగితే పట్టు పోతుంది.
3. వేడిగా ఉండగానే పల్చగా రాసి వెంటనే అతికించాలి. చల్లబడితే జెల్లీ అవుతుంది, మళ్లీ వేడిచేసుకోవచ్చు.
4. ఒక్కో మూల అతికించాక, మడత వంచిన స్థితిలో క్లిప్పు పెట్టి ఆరనివ్వాలి. చాపినట్టుగా ఆరితే మూసేటప్పుడు తోలు లాగుతుంది.

సరేసుకు ఇంకో గుణం ఉంది. రేపు ఎవరైనా విప్పాలంటే గోరువెచ్చటి నీళ్ల గుడ్డ అద్దితే ఊడి వస్తుంది. ఇలాంటి వస్తువుకు జిగురు ఎప్పుడూ వెనక్కి తీసుకోగలిగేదే వాడాలి.

పాత గుడ్డ ఒలుస్తుంటే లోపలి మడత ఒకదాని మీద పాత కరపత్రం అతికించి కనిపించింది. నాటకం కరపత్రం. సగం చిరిగింది, "రాత్రి 9 గంటలకు" అన్న వరుస, కింద "హార్మోనియం" అన్న మాట మిగిలాయి. ఎప్పుడో ఏదో ఊళ్లో తిత్తికి చిల్లు పడితే పెదనాన్నే అన్నం మెతుకులతోనో మైదాతోనో అతికించి ఉంటారు. అగరుబత్తి పెట్టి చూశాను, అక్కడ గాలి పోవడం లేదు. దాని చుట్టూ గుడ్డ కత్తిరించి వేశాను గాని దాన్ని కదపలేదు. ఫోటో తీసి పెద్దమ్మకు పంపాను. ఆరోజు జవాబేమీ రాలేదు.

నిలిచే సమయం: రెక్సిన్‌తో 6 సెకన్లు, గుడ్డ, తోలు, సరేసుతో 11.

ఖర్చు: రెక్సిన్ 220, మేక తోలు 450, పాప్లిన్ 140, అట్ట 60, సరేసు 130. ఈ దశకు 1,000. ఇప్పటివరకు మొత్తం 1,550.

దశ 3: మెట్లు, స్ప్రింగులు

మెట్టు నొక్కనప్పుడు దాని కింది చెక్కబిళ్ల రీడ్ బోర్డు రంధ్రాన్ని మూసి ఉంచుతుంది. బిళ్లకు ఫెల్టు, దాని కింద పల్చటి తోలు ఉంటాయి. ఆ తోలు గట్టిపడితే మూత సరిగా పడదు, ఏ మెట్టూ నొక్కకపోయినా "సీ" అని సన్నగా ఏదో ఒక స్వరం వినిపిస్తుంటుంది. ఇక్కడ 42లో 15 బిళ్లలకు తోలు మార్చాను. మిగతావాటి తోలును వేలితో మెల్లగా రుద్ది, మెత్తటి బ్రష్‌తో నూగు లేపితే చాలింది. తోలు నునుపు వైపు బిళ్లకు, నూగు వైపు బోర్డుకు ఉండాలి. జిగురు చుక్కలుగా మధ్యలోనే పెట్టాలి, అంచుల దాకా పూస్తే మళ్లీ గట్టిపడుతుంది.

స్ప్రింగుల బిగువు కొలవడానికి పరికరం కొనలేదు. పది రూపాయల బిళ్ల బరువు దాదాపు 7.7 గ్రాములు. మెట్టు ముందు అంచున బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చుతూ, ఎన్ని బిళ్లలకు మెట్టు దిగిందో రాసుకున్నాను. బాగున్న మెట్లు 8, 9 బిళ్లలకు దిగాయి, అంటే దాదాపు 65 గ్రాములు. తుప్పుపట్టినవి కొన్ని 14 అడిగాయి. రెండేమో 4కే దిగిపోయాయి. తుప్పువాటిని కిరసనాయిల్‌లో నానబెట్టి తుడిస్తే చాలావరకు 10కి వచ్చాయి. మూడింటికి కొత్త తీగతో స్ప్రింగు చుట్టాను.

మధ్య స్థాయి తెల్ల మెట్ల మీద వేళ్లు పడి పడి గుంటలు పడ్డాయి. 5, 6, 7 శ్రుతుల మీద లోతు ఎక్కువ. మెట్ల మీది పలుచని రేకు మార్చుకోవచ్చు, దొరుకుతుంది. మార్చలేదు. ఆ గుంటల్లో ఆయన వేళ్లకు దారి తెలుసు.

లోపలి తిత్తి కింద రెండు స్ప్రింగులు ఉంటాయి, గాలిని పైకి తోసేవి. ఒకటి అలసిపోయింది. గట్టి తీగతో కొత్తది వంచి వేశాను. పాతదాన్ని దాచిపెట్టాను. ఈ మాట గుర్తుంచుకోండి, కింద మళ్లీ వస్తుంది.

నిలిచే సమయం: 15 సెకన్లు.

ఖర్చు: ఫెల్టు 180, తీగ 70. మొత్తం 1,800.

దశ 4: రీడ్లు

గరుకు కాగితం ఎందుకు వద్దన్నారో ఇక్కడ తెలిసింది. రీడంటే ఇత్తడి పలక, దాని చీలిక మీద ఒక చివర రివెట్ చేసిన ఇత్తడి నాలుక. నాలుక మందమే దాని స్వరం. నలుపు పోగొట్టడానికి గరుకు కాగితం రుద్దితే లోహం పోతుంది, స్వరం మారుతుంది. గీతలు పడ్డచోట తర్వాత పగులు మొదలవుతుంది. నలుపు వల్ల శబ్దానికి నష్టమేమీ లేదు. అలాగే వదిలేయండి.

పలకని 19 రీడ్లలో 15కు రోగం దుమ్మే. వాటికి చేసింది:

1. రీడు విప్పి, పొడి టూత్‌బ్రష్‌తో రివెట్ వైపు నుంచి కొనవైపుకే తుడవడం. ఎదురు తుడిస్తే నాలుక వంగుతుంది.
2. నాలుకకు, పలకకు మధ్య సన్న కాగితం పట్టీ దూర్చి మెల్లగా లాగడం. ఇరుక్కున్న నలుసు దాంతోపాటు వచ్చేస్తుంది.
3. వెలుతురుకు ఎత్తి చూడడం. నాలుకకు రెండు వైపులా సన్నగా సమానంగా వెలుగు కనిపించాలి. ఒక పక్క తగులుతుంటే రివెట్ దగ్గర పక్కకు వీసమంత జరపాలి.
4. కొన కాస్త పైకి లేచి ఉండాలి. నాకు పనికొచ్చిన ఎత్తు నాలుక మందమంత. ఎక్కువ లేస్తే గాలి తినేస్తుంది, ఆలస్యంగా పలుకుతుంది. తక్కువైతే గట్టిగా కొట్టినప్పుడు మూగబోతుంది.

మిగిలిన 4 పగిలినవి. పగులు రివెట్ దగ్గర వెంట్రుకలా ఉంటుంది. కనిపించకపోయినా స్వరం పట్టిస్తుంది. ఒక రీడు చుట్టుపక్కలవాటి కంటే ఒక్కసారిగా బాగా కిందికి పోయిందంటే నాలుక మొదలు దగ్గర పగిలిందనే అర్థం. గీరి పైకి తేవాలని చూడకండి, విరుగుతుంది. మార్చడమే.

విజయవాడలో ఒక దుకాణంలో నాలుగు కొత్త రీడ్లు కొన్నాను. గుజరాత్‌లోని పాలిటానా నుంచి వస్తాయన్నారు. ఆ ఊరు రీడ్లకు పేరుమోసింది. వెర్నియర్‌తో పలక పొడవు, వెడల్పు సరిచూసుకునే తెచ్చాను. బిగించాక స్వరం కుదిరింది గాని శబ్దం కుదరలేదు. పాత రీడ్ల మధ్య కొత్తది పదునుగా, పైకి పొడుచుకొచ్చినట్టు వినిపిస్తోంది. వరసగా మెట్లు వాయించుకుంటూ వెళ్తే అక్కడ చెవి ఆగుతుంది.

పెద్దమ్మకు చెప్పాను. ఈసారి ఫోన్ వెనక నుంచి ఆయన గొంతు వినపడింది. "కొత్త రీడు ఆ వరసలో కలవదు. డబ్బా పంపుతా, అందులో చూసుకోమను." మర్నాడు వాళ్ల మనవడు జర్దా డబ్బా ఒకటి తెచ్చి ఇచ్చాడు. లోపల నూనె గుడ్డలో చుట్టిన పాత రీడ్లు, ఒక్కోదాని మీద సూదితో గీసిన శ్రుతి అంకె. పెట్టె మా ఇంట్లో, దాని విడిభాగాలు ఆయన ఇంట్లో, ఇన్నేళ్లూ అలా ఉన్నాయి. నాన్న ఆ డబ్బా మూత తీసి చాలాసేపు చూశారు. అంతకుముందు ఆయన ఈ పని జోలికి రాలేదు, వద్దనీ అనలేదు. "బాస్ 3 ఇది కాదు, ఆ పక్కది. దీని గొంతు మోటు" అన్నారు. పెట్టి చూస్తే నిజమే.

డబ్బాలో మూడు సరిపోయాయి. నాలుగోది, పై స్థాయి చివర్లోది, కొత్తదే ఉంచాను. అక్కడ తేడా అంతగా తెలియదు.

ఖర్చు: రీడ్లు 4, ఒక్కోటి 80 చొప్పున 320. స్క్రూలు 40. మొత్తం 2,160. వాడని మూడు రీడ్లు డబ్బాలో వేశాను, తిరిగి ఆయనకే.

దశ 5: శ్రుతి

ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని, రీడ్లన్నీ పెట్టెలో బిగించే కొలిచాను. బయట ఊది కొలిస్తే ఒక అంకె, పెట్టెలో ఇంకో అంకె వస్తుంది. గాలి ఒత్తిడి పెరిగితే స్వరం కొంచెం దిగుతుంది కూడా, కాబట్టి తిత్తి ఒకే నిదానంతో కొట్టే మనిషి ఒకరు కావాలి. నాన్న కూర్చున్నారు. చిన్నప్పుడు పెదనాన్న రీడ్లు సరిచేస్తుంటే తిత్తి కొట్టింది తానేనని అప్పుడు చెప్పారు.

యాప్‌లో 6 శ్రుతి 440 హెర్ట్జ్ అని ఉంటుంది. ఆ లెక్కన మధ్య స్థాయిలో వచ్చిన అంకెలు, సెంట్లలో (పక్కపక్క మెట్ల మధ్య దూరం 100 సెంట్లు):

1 శ్రుతి: 15 ఎక్కువ
2 శ్రుతి: 13 ఎక్కువ
3 శ్రుతి: 1 తక్కువ
4 శ్రుతి: 14 ఎక్కువ
5 శ్రుతి: 14 ఎక్కువ
6 శ్రుతి: 16 ఎక్కువ
7 శ్రుతి: 0

యాప్‌ను నమ్మితే 3, 7 మాత్రమే సరిగ్గా ఉన్నాయి, తక్కినవన్నీ తప్పు. పై స్థాయి, కింది స్థాయి, బాస్ వరస కొలిచినా ఇదే తీరు. నల్ల మెట్లూ 14 చుట్టూనే. పాతబడి శ్రుతి తప్పితే ఒక్కో రీడు ఒక్కో దిక్కుకు పోతుంది. ఇలా అన్ని స్థాయిల్లోనూ అవే రెండు మెట్లు అంతే దూరంలో ఉండవు. 7 శ్రుతి రీడు విప్పి భూతద్దంతో చూస్తే నాలుక మొదట్లో, రివెట్ పక్కన, పొందికగా గీసిన సన్న గీతలు. మొదట్లో లోహం తీస్తే స్వరం దిగుతుంది. ఎవరో కావాలని దించారు.

"5 శ్రుతిలో మోహన వాయించి చూడు" అన్నారు నాన్న. 5 శ్రుతిని షడ్జం (స) చేసుకుంటే మోహన రాగానికి వచ్చే మెట్లు 5, 6, 7, 2, 3. అందులో 7 గాంధారం (గ), 3 ధైవతం (ద). హార్మోనియంలో మెట్లన్నీ సమానదూరంలో ఉంటాయి కాబట్టి గాంధారం షడ్జానికి 400 సెంట్ల దూరంలో పడుతుంది. షడ్జంతో కలిసి నిశ్చలంగా నిలిచే గాంధారం 386 దగ్గర ఉంటుంది. ధైవతం 900 బదులు 884. అంటే ఒకటి 14, ఒకటి 16 దించాలి. పెదనాన్న దించింది దాదాపు అంతే. యాప్‌లు లేని రోజుల్లో, చెవితో.

హార్మోనియం స్వరాలు కదలవు, మన సంగీతానికి పనికిరాదన్న విమర్శ పాతదే. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని దగ్గరికి రానివ్వలేదు. ఆ కాలమంతా పద్యనాటకం దాన్ని వదల్లేదు. రాయబారం సీన్లో నటుడు ఐదు శ్రుతిలో గొంతెత్తి రాగం తీస్తుంటే, పక్కన పెట్టె పట్టుకోవాలి. ఆ నటుడి గాంధారం పెట్టె గాంధారంతో కొట్టుకోకూడదని ఈయన రీడు రీడుకూ కూర్చుని దించుకున్నారు. దీన్ని యాప్ ప్రకారం "సరిచేస్తే" ఆయన పనంతా ఒక సాయంత్రంలో చెరిపేసినట్టవుతుంది. గీసిన లోహం తిరిగి రాదు.

అందుకని నిర్ణయించుకున్నవి:

1. యాప్ ఆధారాన్ని 440 నుంచి 443.5కు మార్చాను. పెట్టె సొంత శ్రుతి అదే. ఆ లెక్కన 5 శ్రుతి 395 హెర్ట్జ్ దగ్గర పడుతుంది.
2. 3, 7 శ్రుతులకు ఆయన దించిన దూరమే గురి.
3. గురికి 6 సెంట్ల లోపు ఉన్న రీడును ముట్టుకోలేదు. ముట్టుకున్నవి 17.

ఒక్కో రీడుకు పద్ధతి:

1. పెట్టెలో మూడుసార్లు కొలిచి సగటు రాసుకోవాలి.
2. రీడు విప్పి, నాలుక కింద ఫీలర్ గేజ్‌లోని పల్చటి ఆకు ఆనిక పెట్టాలి. ఆనిక లేకుండా గీస్తే నాలుక వంగి ఎత్తు మారుతుంది.
3. స్వరం పెంచాలంటే కొన దగ్గర, దించాలంటే మొదట్లో గీయాలి. సన్న ఆకురాయితో రెండే గీతలు.
4. కాసేపు పక్కన పెట్టాలి. చేతి వేడి పోయాకే మళ్లీ బిగించి కొలవాలి.
5. పై స్థాయి రీడ్లకు ఒక్క గీత చాలు. చిన్న నాలుకలు, రెండు గీతలకే 10 సెంట్లు దాటిపోతాయి.

బాస్ వరసను మేల్ వరసతో కలిపేటప్పుడు యాప్ కంటే చెవే మేలు. రెండూ కలిపి మోగిస్తే అలలు అలలుగా ఊగుతుంది. ఊపు నెమ్మదించి ఆగిపోయేదాకా వెళ్లాలి. ఇక్కడ నాన్న చెవి నాకంటే ఎంతో నయం. "ఇంకా ఊగుతోంది", "ఇప్పుడాగింది" అని చెబుతుంటే నేను గీశాను.

డబ్బా నుంచి వేసిన 3 శ్రుతి బాస్ రీడును దించే ముందు పెద్దమ్మకు ఫోన్ చేసి, మోహన కోసం దించినట్టు అర్థమైంది, దీన్నీ అలాగే దించనా అని అడగమన్నాను. ఫోన్ ఆయనే తీసుకున్నారు. "ఎవరు చెప్పారు మోహనని?" అన్నారు. నాన్న అన్నాను. కాసేపాగి, "దించు. తంబురా పెట్టి దించు, ఆ ఫోన్‌తో కాదు" అన్నారు.

తంబురా శబ్దం ఫోన్‌లోనే పెట్టుకుని, యాప్ మూసేసి, చెవితో దించాం. తర్వాత కొలిస్తే 15 తక్కువ వచ్చింది.

ఖర్చు: సన్న ఆకురాళ్ల సెట్ 240. మొత్తం 2,400.

దశ 6: పైపని

కొద్దిగానే చేశాను. ముందు పలక మీద నాటక సమాజం పేరు పసుపు అక్షరాల్లో ఉంది, సగం చెరిగింది. తిరిగి రాయించలేదు. మూత మీద బీడీ కాలిన మచ్చ ఉంది, గీకలేదు. తడి గుడ్డతో తుడిచి, ఆరాక తేనెమైనం పల్చగా పట్టించి పొడి గుడ్డతో రుద్దాను. విరిగిన ఒక స్టాపర్ (గాలి దారిని తెరిచి మూసేది) పిడికి అదే టేకుతో చిన్న ముక్క చెక్కి అతికించాను. వార్నిష్ వద్దు. ఒకసారి వేస్తే కింద ఉన్న పాత మెరుపు మళ్లీ దొరకదు.

పురుగు రాకుండా ఎండు వేపాకు గుడ్డలో మూటకట్టి, పెట్టె లోపల కాకుండా పెట్టెను చుట్టే బట్టలో పెట్టాను. లోపల పెడితే పొడి రాలి రీడ్లలో ఇరుక్కుంటుంది.

చివరి కొలతలు: నిలిచే సమయం 16 సెకన్లు. మూసిన మందం 32 మిల్లీమీటర్లు. పలకని రీడ్లు లేవు. బొంగురు ఒకటి, కింది స్థాయి 2½ (2, 3 మధ్య నల్ల మెట్టు), గట్టిగా కొడితేనే.

ఖర్చు: తేనెమైనం 90, ఆటో 300. మొత్తం 2,790.

దశ 7: అప్పగింత, మిగిలిన పని

నాన్న కూడా ఆటో ఎక్కారు. పెట్టె ఒక చివర ఆయనే పట్టుకున్నారు. వాకిట్లో పెదనాన్న నాన్నను చూసి "గడప చూసుకో" అన్నారు. అన్నదమ్ములు ఇద్దరూ కలిసి మంచం మీద దించారు.

ఆయన ముందు స్టాపర్లన్నీ మూసి, తిత్తి కొట్టి, చెవి ఆనించి విన్నారు. తర్వాత మడతలు విప్పదీసి టార్చి వేసి చూశారు. కరపత్రం దగ్గర ఆగారు. "ఇది కొల్లూరులో వేసింది. వీడే ఎక్కడినుంచో అన్నం ముద్ద తెచ్చాడు" అన్నారు నాన్నను చూపిస్తూ. నాన్న, "నువ్వు తినకుండా ఉంచిన ముద్దే అది" అన్నారు. పెద్దమ్మ కాఫీ తెచ్చింది. 5 శ్రుతి పట్టుకుని ఆయన చాలాసేపు వాయించారు. నాన్న తలాడిస్తూ కూర్చున్నారు. గోడ మాట ఎవరూ ఎత్తలేదు.

ఆయన చెప్పిన లోపాలు రాసుకున్నాను, అన్నీ సరైనవే:

1. లోపలి తిత్తి కొత్త స్ప్రింగు మరీ బిగువు. స్వరం మొదలయ్యేటప్పుడు కొడుతున్నట్టు వస్తోంది. తర్వాత కొలిచాను, పై స్థాయి రీడ్లు ఆ ఒత్తిడికి 3 సెంట్లు దిగుతున్నాయి. పాత స్ప్రింగునే కొంచెం చాపి వేయాలి.
2. పై స్థాయి చివరి కొత్త రీడు ఆయన చెవికి వెంటనే తెలిసింది. కొన ఎత్తు తగ్గిస్తే పదును తగ్గుతుందట.
3. 11వ మెట్టు పక్కదానికి రాసుకుంటోంది. మెట్టు పక్కన పెన్సిల్ గీత గీసి రుద్దితే సరిపోతుంది, పెన్సిల్ ములుకు పొడి జారుడునిస్తుంది.

రెండోది, మూడోది ఆయనే చేసుకుంటానన్నారు. మొదటిదానికి అడుగు పలక విప్పాలి, పెట్టె తిరగేసి పట్టుకోవడానికి ఇద్దరు కావాలి. "ఆదివారం రండి. మీ నాన్న పట్టుకుంటాడు, నువ్వు స్క్రూలు తియ్యి" అన్నారు. ఇడ్లీ రేకు పట్టుకెళ్లాలి, అడుగు పలక స్క్రూలు ఎనిమిదీ ఒక పొడవు కాదు.